‘లేదు’ అని రాసే ముందు

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా నల్లగొండలోని ఒక డిగ్రీ కాలేజీలో విశ్రాంత అనలిటికల్ కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఒకరు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, కెమిస్ట్రీ విభాగం అధ్యాపకులకు, పక్క ఊళ్ల నుంచి శ్రమపడి వచ్చిన రైతు సోదరులకు, పిల్లలందరికీ నమస్కారం.

నీళ్ల రిపోర్టుల గురించి నల్లగొండలో మాట్లాడటం నాకు తేలిక. వేరే చోట్ల పీపీఎం అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము అని చెప్పి మొదలుపెట్టాలి. ఇక్కడ ఆ అవసరం లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు వెళ్తే, బడి గడప తొక్కని పెద్దమనిషి కూడా ‘మా బోరుల ఫ్లోరైడ్ గింత ఉన్నది’ అని అంకెతో సహా చెప్తాడు. ఆ లెక్క ఈ జిల్లాకు పుస్తకాలు నేర్పలేదు. వంకరపోయిన కాళ్లు, నడి వయసుకే వంగిన నడుములు నేర్పాయి.

ఈ రోజు నేను అంతకంటే చాలా చిన్న అంకెల గురించి మాట్లాడతాను. తాగే నీళ్లకు మన దేశంలో ఐఎస్ 10500 అనే ప్రమాణం ఉంది. అందులో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అదే పట్టికలో ఇంకాస్త కిందికి వస్తే సీసం 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001 అని ఉంటాయి. ఆ సున్నాలను చదివి దాటేస్తాం కానీ అవి ఎంత చిన్నవో మనసుకు ఎక్కదు. లీటరు నీళ్లలో మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఉంటే దాన్ని ఒక పీపీబీ అంటాం. పది లక్షల లీటర్లు పట్టే ఓవర్‌హెడ్ ట్యాంకు ఒకటి ఊహించుకోండి. అది నిండుగా ఉన్నప్పుడు ఒక్క గ్రాము పాదరసం అందులో కరిగి కలిసిపోతే, అదే ఒక పీపీబీ. పాదరసానికి హద్దు కూడా అదే.

నా ఉద్యోగ జీవితమంతా ఆ ఒక్క గ్రామును వెతకడంలోనే గడిచింది. ఉంది అని పట్టుకోవడం ఒక కష్టం. లేదు అని ధైర్యంగా రాసి కింద సంతకం పెట్టడం అంతకంటే పెద్ద కష్టం. నేను ఎక్కువగా చెప్పదలుచుకున్నది ఆ రెండో దాని గురించే.

నేను పరిశోధనలో చేరింది 1980ల మొదట్లో. అప్పట్లో మన యూనివర్సిటీల్లో ఏ అనలిటికల్ ల్యాబ్‌లోకి తొంగి చూసినా రంగుల పనే ఎక్కువ. కొత్త రియేజెంట్ తయారు చేయడం, అది ఏ లోహంతో ఏ పీహెచ్ దగ్గర ఏ రంగు ఇస్తుందో స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూడటం. నా వాటాకు సీసం వచ్చింది. సీసానికి పాత కాలం నుంచీ నమ్మకమైన దారి డైథైజోన్. సెపరేటింగ్ ఫన్నెల్‌లో నీళ్ల శాంపిల్ పోసి, అమ్మోనియాతో పీహెచ్ తొమ్మిది దాటించి, సిట్రేట్, సయనైడ్ కలిపి, కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో కరిగించిన ఆకుపచ్చటి డైథైజోన్ పోసి కుదపాలి. మూత తీసి గ్యాస్ వదిలి, స్టాండుకు తగిలించి ఆగితే రెండు పొరలు విడిపోతాయి. సీసం ఉంటే అడుగు పొర ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఎంత గాఢంగా ఉంటే సీసం అంత ఎక్కువ.

మధ్యలో సయనైడ్ అన్నాను కదా, అది రాగి, జింకు, నికెల్ అడ్డు రాకుండా వాటిని కట్టి పడేయడానికి. తాళం వేసిన బీరువాలోంచి మా గైడ్ గారే తీసి, తూచి, చేతికి ఇచ్చేవారు. ఆ ద్రావణంలో ఆసిడ్ పడితే వచ్చేది హైడ్రోజన్ సయనైడ్ వాయువు. రోజంతా ఆ టెన్షన్‌తోనే పని. కార్బన్ టెట్రాక్లోరైడ్ కాలేయాన్ని దెబ్బతీస్తుందని తెలిసి కూడా కిటికీలు తెరిచి కూర్చునేవాళ్లం. ఇవాళ ఆ పద్ధతికి ఏ ల్యాబూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మీరు ఆ రోజులను గొప్పగా ఊహించుకోకండి.

కానీ ఆ ఫన్నెల్ ఒక విషయం కళ్ల ముందు చూపించింది. శాంపిల్ పోయకుండా, స్వయంగా రెండుసార్లు డిస్టిల్ చేసిన నీళ్లు పోసి అదే పని చేసినా, అడుగు పొర లేత గులాబీ రంగు తేలేది. నీళ్లు శుభ్రమైనవే, మరి సీసం ఎక్కడిది? ఆసిడ్‌లోంచి రావచ్చు, అమ్మోనియా సీసాలోంచి రావచ్చు, ఫన్నెల్ గాజులోంచి రావచ్చు, ఫిల్టర్ పేపర్ నుంచి, గాలిలోంచి, మన చేతుల్లోంచి రావచ్చు.

ఈ ఉత్తి నీళ్ల పరీక్షనే బ్లాంక్ అంటాం. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో బ్లాంక్ అంటే ఒక తంతు. బ్యూరెట్ రీడింగ్ తీసి, రికార్డులో రాసి, అసలు ప్రయోగానికి వెళ్లిపోతాం. పీపీబీల దగ్గరికి వచ్చేసరికి బ్లాంకే అసలు ప్రయోగం. శాంపిల్‌లో వచ్చిన అంకె నుంచి బ్లాంక్ అంకె తీసేస్తే మిగిలేది మన జవాబు. బ్లాంక్ ఎక్కువగా ఉన్నా పరవాలేదు, కదలకుండా ఉంటే తీసేయొచ్చు. ఒకసారి రెండు, ఒకసారి తొమ్మిది, ఒకసారి నాలుగు అని ఊగుతూ ఉంటే మాత్రం ఏమీ చేయలేం. అందుకే బ్లాంక్‌ను మళ్లీ మళ్లీ కొలిచి, ఆ అంకెల ప్రామాణిక విచలనం, అంటే అవి సగటు చుట్టూ ఎంత ఊగుతున్నాయో కట్టి, దాన్ని మూడుతో గుణిస్తాం. అదే డిటెక్షన్ లిమిట్. అంతకంటే తక్కువ ఉన్నదాన్ని మన ల్యాబ్ చూడలేదు. కోట్ల రూపాయల మిషన్ ఉన్నా, బ్లాంక్ ఊగుతుంటే ఆ మిషన్ గుడ్డిదే.

మా ల్యాబ్ మెయిన్ రోడ్డు పక్కన ఉండేది. సీసం బ్లాంక్ ఉదయం పూట తక్కువగా, మధ్యాహ్నం దాటాక ఎక్కువగా వచ్చేది. ఆసిడ్ మార్చి చూశాం, సీసాలు మార్చి చూశాం, మనుషులను మార్చి చూశాం. చివరికి రోడ్డు వైపు కిటికీలు మూసి, బల్ల మీద పాలిథీన్ గుడారం లాంటిది కట్టి అందులో చేతులు పెట్టి పని చేస్తే మధ్యాహ్నం బ్లాంక్ కూడా దిగింది. ఆ రోజుల్లో పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలిపేవారు. బండ్లు పెరిగేకొద్దీ రోడ్డు మీది సీసం మా బీకర్లలోకి వచ్చి కూర్చునేది.

మాకంటే చాలా ముందే, అమెరికాలో క్లెయిర్ ప్యాటర్సన్‌కు ఇదే ఎదురైంది. ఆయన ఉల్కల్లోని సీసం ఐసోటోపులను కొలిచి భూమి వయసు తేల్చాలనుకున్నాడు. ఎటు చూసినా బయటి సీసమే వచ్చి కలుస్తోంది. గదిని కడిగి, గాలిని వడకట్టి, ఆసిడ్లను తానే శుద్ధి చేసుకుని, 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లు అని ప్రచురించాడు. అక్కడితో ఆగి ఉంటే చరిత్రలో మంచి పేరుతో మిగిలేవాడు. ఆయన ఆగలేదు. తన బ్లాంక్‌ను పాడుచేసిన సీసం ఎక్కడిదని అడిగాడు. సముద్రపు నీళ్లు, ధ్రువ ప్రాంతాల మంచు పరీక్షించి, ఇది పెట్రోలు నుంచి, పరిశ్రమల నుంచి వస్తోందని 1965 నుంచి బహిరంగంగా పోరాడాడు. బ్లాంక్‌లో కనిపించిన చెత్తను చెత్తగా పారేయకుండా దాని వెంట పడిన మనిషి ఆయన. నాకు ఈ వృత్తిలో ఆదర్శం ఎవరని అడిగితే ముందు ఆ పేరే చెప్తాను.

మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలపని పెట్రోలే అమ్ముతున్నారు. ఆ తరవాత కొంతకాలానికి మా ల్యాబ్‌లో ఉదయం బ్లాంక్‌కూ మధ్యాహ్నం బ్లాంక్‌కూ తేడా పోయింది. పేపర్లలో చదివిన ఒక ప్రభుత్వ నిర్ణయం నా నోట్‌బుక్కులో అంకెలుగా కనిపించింది. ఆ పేజీని నేను చాలామంది విద్యార్థులకు చూపించాను.

ఇక మన ఒంటి మీద నుంచి వచ్చేవి. సుర్మాలో సీసం ఉండొచ్చు. కొన్ని జుట్టు రంగుల్లో లెడ్ అసిటేట్ ఉండేది. పౌడరు పూసుకున్న గ్లవ్స్‌తో జింకు వస్తుంది. రంగు పిపెట్ టిప్పులలో ఆ రంగు కోసం కాడ్మియం వాడే అవకాశం ఉంది, అందుకే తెల్లవే కొనమంటాం. నగలూ గాజులూ తీసేసి రావాలని నియమం పెట్టాం. కొత్తగా పెళ్లయిన ఒక అమ్మాయి, ‘మేడం, గాజులు తీస్తే మా అత్తమ్మ ఊకోదు’ అంది. ఆ పిల్లకు మోచేతుల దాకా పాలిథీన్ తొడుగులు వేయించి, మణికట్టు దగ్గర టేపు చుట్టించాను. మా ల్యాబ్‌లో అందరికంటే స్థిరమైన బ్లాంక్ తరవాత ఆ అమ్మాయిదే వచ్చేది. రెండో వారానికి మిగతావాళ్లు కూడా తొడుగులు అడిగి తీసుకున్నారు.

మిషన్ల గురించి కొంచెం చెప్తాను. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ అటామిక్ అబ్సార్ప్షన్ పద్ధతిని, పొట్టిగా ఏఏఎస్ అంటాం, ప్రచురించాడు. శాంపిల్‌ను మంటలోకి తుంపరగా పంపితే లోహం విడి పరమాణువులవుతుంది. అదే లోహంతో చేసిన దీపం నుంచి వచ్చే కాంతిని ఆ పరమాణువులు మింగుతాయి. సీసమైతే 283.3 నానోమీటర్ల దగ్గర, కాడ్మియమైతే 228.8 దగ్గర. ఎంత కాంతి తగ్గిందో అంత లోహం ఉన్నట్టు. డైథైజోన్‌తో గంటలు పట్టే పని నిమిషాల్లో అయిపోయింది. సయనైడ్ బీరువా తాళం ఇక తియ్యాల్సిన పని లేకపోయింది.

అయితే ఈ మంట పద్ధతి దగ్గరే నేను మీకు చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఉంది. మామూలు మంట ఏఏఎస్‌లో నీళ్లను నేరుగా పెడితే, రోజువారీ పనిలో, సీసం కొన్ని పదుల పీపీబీలు దాటితేనే నమ్మకంగా కనపడుతుంది. ప్రమాణం పది పీపీబీలు. అంటే ముప్పై పీపీబీల సీసం ఉన్న నీళ్లు పెట్టినా ఆ మిషన్ ఏమీ చూపించకపోవచ్చు. రిపోర్టులో ఏం రాస్తారు? ‘సీసం: లేదు’. ఇంటాయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని ఇంటికి పోతాడు. పిల్లలు ఆ నీళ్లే తాగుతారు.

ఆ రాసినవాళ్లు అబద్ధం ఆడలేదు. వాళ్లకు కనపడలేదు కాబట్టి లేదన్నారు. కానీ ‘మాకు ఇంతకంటే తక్కువ కనపడదు’ అన్న సగం వాక్యాన్ని వదిలేశారు. నా దగ్గరికి ఇలాంటి కాగితాలు ఎన్నో వచ్చాయి. ఒక్కోదాన్ని చూసినప్పుడల్లా కడుపు రగిలిపోయేది. ‘లేదు’ అన్న చోట ‘10 పీపీబీల కంటే తక్కువ’ అనో, ‘50 పీపీబీల కంటే తక్కువ’ అనో రాయాలి. మొదటిది మనిషికి పనికొచ్చే మాట. రెండోది చదివితే వేరే పద్ధతిలో మళ్లీ చూపించుకోవాలని తెలుస్తుంది. ఉత్త ‘లేదు’తో ఏదీ తెలియదు. రేపు మీలో కొందరు నీళ్ల ల్యాబుల్లో ఉద్యోగాలు చేస్తారు. పై అధికారి చెప్పకపోయినా, ఫారంలో ఖాళీ లేకపోయినా, ఆ అంకెను పక్కన చేత్తో రాయండి.

తక్కువ చూడాలంటే దారులున్నాయి. లీటరు నీళ్లలోని లోహాన్ని ఏపీడీసీ అనే రియేజెంట్‌తో పట్టి కొన్ని మిల్లీలీటర్ల ద్రావణిలోకి లాగి, చిక్కబరిచి మంటకు పెట్టొచ్చు. గ్రాఫైట్ ఫర్నేస్ అయితే ఇరవై మైక్రోలీటర్ల బొట్టు చాలు. చిన్న గ్రాఫైట్ గొట్టంలో వేసి, ముందు ఆరబెట్టి, తరవాత మసి చేసి, ఒక్కసారిగా రెండు వేల డిగ్రీల దాకా వేడెక్కిస్తే పరమాణువులన్నీ ఆ గొట్టంలోనే క్షణం పాటు నిలుస్తాయి. ఒక పీపీబీ సీసం హాయిగా కనపడుతుంది.

నాకు మనసుకు దగ్గరైనది మాత్రం స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీ. హైరోవ్‌స్కీ 1922లో మొదలుపెట్టిన పోలరోగ్రఫీ వంశంలోనిది, ఆ పనికే ఆయనకు 1959లో నోబెల్ వచ్చింది. సన్నటి గొట్టం చివర వేలాడే పాదరసం బొట్టుకు రుణ వోల్టేజీ ఇచ్చి, శాంపిల్‌ను తిప్పుతూ కొన్ని నిమిషాలు ఆగుతాం. నీళ్లలోని సీసం, కాడ్మియం, రాగి మెల్లగా వచ్చి ఆ బొట్టులో చేరతాయి. తిప్పడం ఆపి, వోల్టేజీని నెమ్మదిగా పైకి తెస్తే ఒక్కొక్కటీ తన వంతు వచ్చినప్పుడు బయటికి వస్తుంది. మైనస్ 0.6 వోల్టుల దగ్గర కాడ్మియం, మైనస్ 0.4 దగ్గర సీసం. కాగితం మీద పెన్ను లేచి దిగుతుంటే చూడటం నాకు ఎన్నేళ్లయినా విసుగు రాలేదు. ఆర్గాన్ సిలిండర్లు అక్కర్లేదు, పరికరం చవక. చిన్న కాలేజీలు కూడా పీపీబీల పని చేయొచ్చని నేను పట్టుబట్టి చెప్పేది దీన్ని చూసే. ఇప్పుడు పాదరసం బదులు బిస్మత్ పూసిన ఎలక్ట్రోడ్లు కూడా వచ్చాయి. సీసం కొలవడానికి పాదరసం పారబోయడం ఏమిటన్న ప్రశ్నకు అది మంచి జవాబు.

1980లో హౌక్, ఫాసెల్ బృందం ఐసీపీ-ఎంఎస్‌ను ప్రచురించింది. ఆరేడు వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలో శాంపిల్‌ను అయాన్లుగా మార్చి, వాటిని బరువును బట్టి లెక్కపెట్టడం. పీపీబీలో వెయ్యో వంతు కూడా కనపడుతుంది, ఒకే శాంపిల్‌లో పదుల మూలకాలు చూడొచ్చు. ఇక అన్ని సమస్యలూ తీరిపోయాయనిపిస్తుంది. తీరలేదు. దక్షిణ తెలంగాణ బోరు నీళ్లకైతే ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది.

ఒక ఊరి బోరులో ఆర్సెనిక్ హద్దు దాటిందని రిపోర్టు వచ్చింది. ఊరంతా భయం. బెంగాల్‌లో ఆర్సెనిక్ నీళ్లతో జరిగింది టీవీలో చూసినవాళ్లున్నారు. పిల్లలను బంధువుల ఇళ్లకు పంపేసినవాళ్లూ ఉన్నారు. ఆ నీళ్లు మా దగ్గరికి తెచ్చారు. నేను ముందు ఆర్సెనిక్ చూడలేదు, క్లోరైడ్ చూశాను. బాగా ఉప్పు నీళ్లు. ఆర్సెనిక్ బరువు 75. ప్లాస్మాలో ఉన్నది ఆర్గాన్, దాని బరువు 40. నీళ్లలోని క్లోరిన్ బరువు 35. ఆ రెండూ ప్లాస్మాలో అతుక్కుంటే 40, 35 కలిపి 75. బరువు మాత్రమే చూసే మిషన్ దాన్ని ఆర్సెనిక్ అని లెక్కపెడుతుంది. ఇప్పటి మిషన్లలో హీలియం నింపిన కొలిజన్ సెల్ ఉంటుంది. జంటగా ఉన్న అయాన్ లావుగా ఉంటుంది కాబట్టి హీలియంతో ఎక్కువసార్లు గుద్దుకుని వేగం పోగొట్టుకుని ఆగిపోతుంది, అసలు ఆర్సెనిక్ దాటి వస్తుంది. ఆ సెల్ ఆన్ చేసి చూశాం. ఆర్సెనిక్‌ను వాయువుగా మార్చి కొలిచే హైడ్రైడ్ పద్ధతిలో విడిగా కూడా చూశాం, ఆ పద్ధతికి క్లోరైడ్ అడ్డు రాదు. రెండింటిలోనూ హద్దుకు చాలా కిందే ఉంది. ఊరి పెద్దకు ఫోన్ చేసి చెప్తే అవతలి నుంచి చాలాసేపు మాట రాలేదు. తరవాత, ‘అయితే పిల్లల్ని తెచ్చుకోమంటారా, అక్కా?’ అన్నాడు.

తప్పుడు ‘లేదు’ ఎంత హానో, తప్పుడు ‘ఉంది’ కూడా అంతే హాని. అందుకే ఒక్క పద్ధతిలో వచ్చిన భయంకరమైన అంకెను రెండో పద్ధతిలో చూడకుండా బయటపెట్టకూడదు. దానికి తోడు, తెలిసిన శాంపిల్ ఒకటి కలిపి నడపాలి. అందులో సీసం ఎంత, కాడ్మియం ఎంత అని ధ్రువీకరించిన సీసాలు దొరుకుతాయి. హైదరాబాద్‌లోనే బాబా అణు పరిశోధన కేంద్రం (బీఏఆర్‌సీ) వాళ్ల ఎన్‌సీసీసీఎం అనే సంస్థ అలాంటి ప్రామాణిక పదార్థాలు తయారు చేస్తుంది. మన ల్యాబ్ ఆ తెలిసిన అంకెను సరిగ్గా చెప్పగలిగితేనే తెలియని అంకె చెప్పే హక్కు మనకు ఉంటుంది.

మూసీ సంగతికి వస్తాను. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురికినంతా మోసుకుని, భువనగిరి, వలిగొండ వైపు దిగి, సూర్యాపేట దగ్గర ప్రాజెక్టులో ఆగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారి పొడుగునా కత్వలు, అంటే నీళ్లు మళ్లించే చిన్న అడ్డుకట్టలు. బునాదిగాని కాలువ, పిల్లాయిపల్లి కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ కింద ఆ నీళ్లతోనే వరి, పారా గడ్డి, కూరగాయలు పండుతున్నాయి. కత్వ దిగువన నురగ గాలికి లేచి మనుషుల మీద పడుతుంటే, ఆ ఒడ్డున కూర్చుని శాంపిళ్లు తీశాం. ఒడ్డు మీదే 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి, నైట్రిక్ ఆసిడ్ వేసి పీహెచ్ రెండు కిందికి దించాలి. లేకపోతే ల్యాబ్‌కు చేరేలోపు లోహం సీసా గోడకు అంటుకుపోతుంది, మళ్లీ ‘లేదు’ అని వస్తుంది.

అంత మురికి నదిలో కూడా నీళ్లలో కరిగిన సీసం మనం భయపడినంత ఉండదు. కారణం కెమిస్ట్రీలోనే ఉంది. మన నీళ్లు క్షార గుణం ఉన్నవి, బైకార్బొనేట్ ఎక్కువ. అలాంటి నీళ్లలో సీసం కార్బొనేట్‌గా మారి, బంకమట్టికీ ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లకూ అంటుకుని కత్వ వెనక మట్టిలో పడుకుంటుంది. కాబట్టి నీళ్లు చూసి నది బాగుందనేయకూడదు, మట్టి తవ్వి చూడాలి. ఆ మట్టిలో ఎంత ఉందో ఒక లెక్క, అందులో ఎంత మొక్కకు అందుతుందో ఇంకో లెక్క. 1979లో టెస్సియర్ బృందం ఇచ్చిన అయిదు మెట్ల పద్ధతిలో ఒక్కో ఆసిడ్‌తో, ఒక్కో లవణంతో విడివిడిగా కరిగిస్తూ పోతే, ఏ లోహం తేలిగ్గా ఊడి వస్తుందో, ఏది రాయిలోనే ఉండిపోతుందో తెలుస్తుంది. కాడ్మియం మొక్కలోకి తేలిగ్గా ఎక్కి ఆకు దాకా వస్తుంది. సీసం ఎక్కువగా వేరు దగ్గరే ఆగిపోతుంది. ఆకుకూరల మీద కనిపించే సీసంలో పెద్ద వాటా దుమ్ముదీ మట్టిదీ. అందుకే పాలకూరను రెండు మూడు నీళ్లలో బాగా జాడించి కడగమని నేను ఇంటింటికీ చెప్తాను. కడిగితే కాడ్మియం పోదు, సీసం మటుకు బాగా తగ్గుతుంది.

ఆ పొలాల్లో ఒక పెద్దమ్మ నన్ను నిలదీసింది. ‘బిడ్డా, నువ్వు కాయితం రాసి పోతవ్. రేపు మా కూర ఎవ్వలు కొనరు. ఈ నీళ్లు మేం అడిగినమా?’ అంది. నిజమే, ఆమె అడగలేదు. ఆ లోహాలు ఆమె పొలంలో పుట్టలేదు, ఎగువన బ్యాటరీలు కరిగించే చోట, ప్లేటింగ్ చేసే చోట పుట్టాయి. అప్పటి నుంచి మా వ్యాసాల్లో ఊరి పేరుతో పాటు, ఆ ఊరికి ఎగువన ఏమున్నదీ కూడా రాయడం పెట్టుకున్నాం. పంట పండించినవాళ్ల మీద మాత్రమే పడే అంకెలు నేను ప్రచురించలేను.

ఇప్పుడు మీ కాళ్ల కింద ఉన్న రాయి గురించి. నల్లగొండ, పాలమూరు రెండూ గ్రానైటు నేలలు. ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వచ్చిందో, సహజంగా ఉండే యురేనియం కూడా అక్కడి నుంచే వస్తుంది. ఏ బైకార్బొనేట్ సీసాన్ని నీళ్లలోంచి తోసేస్తుందో, అదే యురేనియాన్ని కార్బొనేట్ సమ్మేళనంగా చేసి నీళ్లలో నిలబెడుతుంది. హద్దు 30 పీపీబీలు. ఆ మోతాదుల్లో భయం రేడియేషన్ గురించి కంటే కిడ్నీల గురించే. మన జిల్లాలో యురేనియం నిల్వలున్న లంబాపూర్, పెద్దగట్టు పేర్లు మీకు తెలుసు. 2019లో నల్లమలలో తవ్వకాలు వద్దని మన శాసనసభ తీర్మానం చేసింది. తవ్వాలా వద్దా అన్న చర్చ ఎటు పోయినా, ఆ చుట్టుపక్కల బోర్లలో ఇవాళ ఎంత ఉందో రాసి పెట్టుకోవడం మాత్రం తప్పనిసరి. ఈ అంకె లేకపోతే రేపు పెరిగిందని ఎవరూ నిరూపించలేరు, పెరగలేదని కూడా నిరూపించలేరు.

2020 డిసెంబర్‌లో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయినప్పుడు ఇదే బాధ కలిగింది. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఎక్కువ ఉన్నాయన్నారు. మరికొన్ని సంస్థల పరీక్షలు పురుగుమందుల వైపు చూపాయి. ముందు నెలలో ఆ ఊరి మనుషుల రక్తంలో మామూలుగా సీసం ఎంత ఉండేదో తెలిసి ఉంటే ఆ చర్చ ఎంత త్వరగా ఒక దారికి వచ్చేదో. ఆపద వచ్చాక కొలిచిన అంకెను దేనితో పోల్చాలి?

ఇంకొక్క మాట, ఈ జిల్లా పేరే పెట్టుకున్న నల్లగొండ టెక్నిక్ గురించి. 1970ల్లో నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే దారి చూపారు. చవకగా, ఊళ్లో దొరికేవాటితో చేసిన గొప్ప పని. అయితే పటిక అంటే అల్యూమినియం. మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, దానికి ప్రమాణంలో హద్దు 0.03 మిల్లీగ్రాములు, తప్పనిసరైతే 0.2. పైగా ఆ అల్యూమినియం మిగిలిన ఫ్లోరైడ్‌ను పట్టుకుని కూర్చుంటుంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ విడిగా ఉన్న ఫ్లోరైడ్‌నే చూస్తుంది కాబట్టి, టీఐఎస్‌ఏబీ బఫర్ కలిపి ఆ పట్టు విడిపించకపోతే అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఒకదాన్ని తీయడానికి ఇంకోటి కలిపినప్పుడు రెండింటినీ కొలవాలి.

నీళ్లు మరిగిస్తే లోహాలు పోతాయా అని బయట ఒక రైతన్న అడిగారు. పోవు. మరిగిస్తే క్రిములు చస్తాయి. లోహం ఎగిరిపోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా కరిగి ఉన్నది ఆగదు. ఆర్వో చాలా వరకు ఆపుతుంది, ఫిల్టర్ మారుస్తూ ఉంటే.

పక్క ల్యాబ్‌లో పాలిథీన్ సీసాలు నిన్నటి నుంచి పది శాతం నైట్రిక్ ఆసిడ్‌లో నానుతున్నాయి. బోర్ల శాంపిళ్లకు వెళ్లే పిల్లలు సాయంత్రం వాటిని శుద్ధ నీళ్లతో బాగా కడిగి, మూతలు పెట్టి, జిప్ సంచుల్లో వేసుకోండి. బోరు అయిదు పది నిమిషాలు నడిచాకే పట్టండి. మూత లోపలి వైపు వేలు తగలనివ్వకండి. ప్రతి జట్టూ శుద్ధ నీళ్లు నింపిన సీసా ఒకటి వెంట తీసుకెళ్లి, బోరు దగ్గర మూత తీసి, మళ్లీ పెట్టి, అది కూడా తెచ్చి ఇవ్వాలి. దాని మీద ఫీల్డ్ బ్లాంక్ అనీ, ఊరి పేరూ, తేదీ రాయండి. ముందు పరీక్షించేది ఆ సీసానే.